జొన్నరొట్టె, భోంగా, కడుపు

సోలాపూర్ తూర్పు పేటల్లో కడుపు సంగతి మాట్లాడటానికి ఎవరూ మొహమాటపడరు. సాఖర్‌పేట, పచ్ఛాపేట, భద్రావతిపేట, అశోక్ చౌక్, దత్తనగర్, ఏ సందులోకి వెళ్ళినా పొద్దుటి పలకరింపులో అది వచ్చి తీరుతుంది. "కడుపు సాఫ్ అయిందా అక్కా?" అని ఒకరు అడిగితే, "ఏడ సాఫ్? మూడు దినాలాయె" అంటుంది ఇంకొకరు. "నాకైతే తిన్నంక ఉరుకుడే" అంటుంది పక్క గడపలో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తున్న ఆమె. నేను పుట్టింది ఈ సందుల్లోనే. నాయిన మరమగ్గం నడిపేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. ఆహార నిపుణురాలిగా పని చేస్తున్నది కూడా వీళ్ళ మధ్యనే.

డాక్టర్లు ఐబీఎస్ (ఇరిటబుల్ బౌల్ సిండ్రోమ్) అని రాసిన చీటీ పట్టుకుని నా దగ్గరికి చాలామంది వస్తారు. నొప్పి, ఉబ్బరం, ఒకనాడు బిగదీయడం, ఇంకోనాడు నీళ్ళలా పోవడం. రక్తపరీక్ష బాగుంటుంది, కెమెరా వేసి చూసినా పేగులో పుండు కనిపించదు. "ఏం లేదంటున్నరు, మరి నొప్పెందుకు?" అని అడుగుతారు. నొప్పి నిజమే. పేగు కదలికలో, పేగుకూ మెదడుకూ నడిచే కబుర్లలో తేడా వచ్చిందని, పేగు మామూలు గాలినీ సాగుడునూ కూడా నొప్పిగా పట్టుకుంటోందని చెబుతాను. ఏం తినాలో ఆ తర్వాత మాట్లాడతాం. ఆ మాట పదిమందికీ ఒకే కాగితం మీద రాసిచ్చేది కాదు. వీళ్ళ తాతలు ఏం తిన్నారు, ఏ వేళకు తిన్నారు, ఆ తిండి ఎప్పుడు ఎందుకు మారిందన్నది తెలియకుండా నేను ఒక్క సలహా కూడా ఇవ్వలేను.

మా వాళ్ళు నిజాం ఇలాకా నుంచి వచ్చారు. కరీంనగర్, నల్లగొండ, మెదక్, పాలమూరు పక్కల నుంచి పద్మశాలీలు తరతరాలుగా ఇటు నడిచారు. 1860లో సోలాపూర్‌కు రైలు వచ్చింది. 1876-78 కరువు దక్కనును ఊడ్చేసింది. అదే దశాబ్దంలో మోరార్జీ గోకుల్‌దాస్ ఇక్కడ నూలు మిల్లు పెట్టాడు. తర్వాతి రోజుల్లో నర్సింగ్‌గిర్జీ, లక్ష్మి, విష్ణు, జామ్ మిల్లులు వచ్చాయి. మొదటి మిల్లు జూనీ మిల్లు, అంటే పాత మిల్లు, అయిపోయింది. మిల్లు నూలు తీస్తే, ఆ నూలు కొని చీరలు నేసే చేతిమగ్గాల కార్ఖానాలు పేటల నిండా లేచాయి. కార్ఖానాదారు మనవాడే, కూలీ కూడా మనవాడే. మా తాత కరీంనగర్ పక్క నుంచి వచ్చి అలాంటి ఒక కార్ఖానాలో చేరాడు. ముందు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఆ గడప దాటేది లేదు. పగలు గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి నేత, రాత్రి ఆ మగ్గం పక్కనే పడక.

ఆ కార్ఖానాలో రోజు ఎలా గడిచేదో మా అవ్వ చెప్పగా విన్నాను. ఎండ ముదరకముందే పడుగును వీధి పొడవునా సాగదీసి కట్టి, కుంచెలతో గంజి పట్టించేవాళ్ళు. ఆ పనికి ఇంటిల్లిపాదీ కావాలి. అటు ఇటు నడక, వంగడం, లేవడం. అది అయ్యాక పొద్దెక్కేసరికి మొదటి ముద్ద. రాత్రి మిగిలిన జొన్నరొట్టెను మజ్జిగలో నానేసి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాళ్ళు. మజ్జిగ లేనినాడు అంబలి. ఆ తర్వాత నేత. మధ్యాహ్నం దాటాక రొట్టె, పల్లీల కారం, పలుచని కందిపప్పు, దొరికిన ఆకుకూర. దీపం నూనె ఖర్చు కనుక చీకటి పడితే మగ్గం ఆగేది. రాత్రి మళ్ళీ రొట్టె. అన్నం పండుగకే. గోధుమ పోళీ అయితే పెళ్ళికో చుట్టం వచ్చినప్పుడో.

ఈ తిండికి కాగితం మీద సాక్ష్యం కూడా ఉంది. బొంబాయి లేబర్ ఆఫీసు 1928లో సోలాపూర్ నూలు మిల్లు కూలీల ఇంటి ఖర్చుల మీద ఒక నివేదిక అచ్చు వేసింది. తిండి ఖర్చులో జొన్నదే పెద్ద భాగం. సోలాపూర్ చుట్టూ ఉన్నది నల్లరేగడి. యాసంగి జొన్నకు అంతకన్నా మంచి నేల లేదు. వానాకాలం తాగిన తేమను ఆ మన్ను చలికాలమంతా దాచుకుని పైరుకు ఇస్తుంది. ఈ జిల్లాలోని మంగళవేఢాను మరాఠీవాళ్ళు జొన్నల గాదె అని పిలుస్తారు. మొహోళ్ పరిశోధనా కేంద్రంలో 1930లలో మాల్దండి నుంచి ఏరి తీసిన ఎం 35-1 రకం ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా దక్కను రైతు చేతిలో ఉంది. తెల్లగా, గుండ్రంగా, ముత్యంలా మెరిసే గింజ. దాని పిండిలో జిగురు ఉండదు. మరిగిన నీళ్ళు పోసి కలిపి, అరచేతితో తట్టి, పెనం మీద వేశాక పైన నీళ్ళు తడిపితేనే రొట్టె నిలుస్తుంది. గిర్నీలో పట్టించిన పిండి ఎక్కువ రోజులు నిలవ ఉంటే చేదెక్కుతుంది. అందుకే మా అమ్మ నెలకు సరిపడా జొన్నలు కొనేది గానీ పిండి మాత్రం వారానికి రెండుసార్లు పట్టించేది.

ఇదంతా విని, పాతకాలపు తిండి అమృతం అనుకుంటే అది అబద్ధం అవుతుంది. దక్కనులో జొన్న తప్ప ఇంకేదీ దొరకని పేదలకు పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు రేగడం, విరేచనాలు, మతి చెదరడం ఆ జబ్బు లక్షణాలు. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనా కేంద్రంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ఈ రోగుల మీద పని చేశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం ఇందుకు కారణం కావచ్చని 1960లో రాశారు. ఆ వాదం మీద తర్వాత చర్చ నడిచింది. కానీ ఒట్టి జొన్న మీద బతకడం ఆరోగ్యం కాదన్నది మాత్రం ఆ వార్డుల్లో కళ్ళకు కట్టింది. నేత పేటల్లో రొట్టెను కాపాడింది దాని పక్కనున్న పల్లీలు, పప్పు, మజ్జిగ, ఆకుకూర. కూలి సరిగా దొరికిన ఇంట్లో ఆ పళ్ళెం నిండుగా ఉండేది. నేత ఆగిన నెలల్లో రొట్టె, మిరపకారం మాత్రమే మిగిలేవి. కడుపు చరిత్ర రాసేవాళ్ళు కూలి చరిత్రను పక్కన పెట్టి రాయలేరు.

ఇక భోంగా. మిల్లు భోంగా, అంటే సైరన్, సోలాపూర్ మొత్తానికి గడియారం. అది కూస్తే లేవాలి, మళ్ళీ కూస్తే గేటు దగ్గర ఉండాలి. ఆలస్యమైతే కూలి కోత. మనిషి కడుపుకు కూడా ఒక గడియారం ఉంది. పొద్దున లేచాక, ముఖ్యంగా ఏదైనా తిన్నాక, పెద్దపేగు బలంగా కదులుతుంది. ఆ కదలిక వచ్చినప్పుడు వెళ్ళాలి. ఆపితే పేగు ఆ కబురు పంపడం మెల్లగా తగ్గిస్తుంది. ఇప్పుడు చాళ్ళలో బతికిన మనుషులను తలచుకోండి. ఒక్కో గదిలో ఏడెనిమిది మంది, వరుస మొత్తానికి రెండో మూడో దొడ్లు. భోంగా కూసేలోగా వాటి ముందు డబ్బాలు పట్టుకుని నిలబడిన మగవాళ్ళ వరుస. ఆడవాళ్ళు ఆ వరుసలో నిలబడలేరు. తెల్లవారకముందు చీకట్లో వెళ్ళాలి, లేదంటే రాత్రి దాకా ఆపుకోవాలి. మా అమ్మ తరం ఆడవాళ్ళంతా అలా ఆపుకున్నవాళ్ళే. వెళ్ళే అవసరం రాకూడదని పగలు నీళ్ళు తాగడం మానుకున్నారు. ఆ అలవాటు ఇంట్లోనే మరుగుదొడ్డి వచ్చాక కూడా పోలేదు. అరవై దాటిన బీడీ కార్మికురాలు ఎవరైనా మలబద్ధకం అని నా ముందు కూర్చుంటే, పళ్ళెంలో ఏముందని అడిగేకన్నా ముందు నేను ఆ దొడ్ల సంగతి అడుగుతాను.

నీళ్ళ సంగతి కూడా అంతే. ఈ ఊరికి ఒకప్పుడు ఏక్‌రుఖ్ చెరువు ఆధారం. తర్వాత వంద కిలోమీటర్ల అవతల, భీమా నది మీద 1980లో పూర్తయిన ఉజని ఆనకట్ట నుంచి గొట్టాలు వచ్చాయి. అయినా కుళాయికి రోజూ నీళ్ళు రావడం మా పేటలు ఎరగవు. నాలుగైదు రోజులకొకసారి వచ్చిన నీళ్ళను బిందెల్లో, డ్రమ్ముల్లో పట్టి లెక్కగా వాడుకోవాలి. వేసవిలో ఎండ నలభై మూడు, నలభై నాలుగు దాటుతుంది. అలాంటి చోట ఎవరికైనా "పీచు బాగా తినండి" అని ఒక్క ముక్క చెప్పి పంపితే మేలు కన్నా కీడే ఎక్కువ. పీచు నీటిని పట్టుకుని ఉబ్బితేనే పని చేస్తుంది. నీళ్ళు లేని పీచు పేగులో గట్టిపడి కూర్చుంటుంది.

జూనీ మిల్లు 1963లో మూతబడింది. అప్పటికే చేతిమగ్గాల స్థానంలో మరమగ్గాలు రావడం మొదలైంది. చీరలు పోయి జకార్డ్ చద్దర్లు, తువాళ్ళు వచ్చాయి. సోలాపూర్ చద్దర్ దేశమంతా తిరిగింది, తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా సంపాదించుకుంది. ఆ పేరు వెనుక పన్నెండు గంటల షిఫ్టులున్నాయి. చేతిమగ్గం చీకటి పడితే ఆగేది, కరెంటు మగ్గానికి చీకటి లేదు. మా నాయిన ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి వారంలో ఆయన తిండి వేళ మొత్తం తిరగబడేది. రాత్రి రెండింటికి మగ్గాల మధ్యనే నిలబడి చాయ్, పావ్. పొద్దున ఇంటికొచ్చి కడుపు నిండా తిని వెంటనే పడక. నిద్ర మధ్యలో నొప్పి. నడుస్తున్న మగ్గాన్ని విడిచి వెళ్ళాలంటే పక్కవాడిని బతిమాలాలి. దారం తెగితే బట్ట పాడు, పాడైతే కూలి కోత. కాబట్టి ఆపుకోవడం మళ్ళీ మొదలైంది, ఈసారి మగవాళ్ళకు కూడా. అమెరికాలో మిషిగన్‌లో నర్సుల మీద చేసి 2010లో అచ్చు వేసిన అధ్యయనం ఒకటుంది. పగటి డ్యూటీ వాళ్ళకన్నా, పగలూ రాత్రీ మారుతూ పనిచేసేవాళ్ళలో ఐబీఎస్ ఎక్కువగా కనిపించింది. అది చదివినప్పుడు నాకు మా నాయిన రాత్రి వారాలు గుర్తొచ్చాయి. నిద్ర, వెలుతురు, తిండి వేళలు పేగు గడియారాన్ని నడుపుతాయన్న సంగతి శాస్త్రం కొలిచి చెప్పడానికి ముందే మా పేట మోసింది.

పళ్ళెం మారడం కూడా ఆ దశాబ్దాల్లోనే జరిగింది. 1972 కరువు ఇక్కడి పెద్దవాళ్ళందరికీ గుర్తే. జొన్న బజారులో కనిపించలేదు. అమెరికా నుంచి దిగిన మైలో అనే ఎర్రజొన్న రేషన్‌లో వచ్చింది. దాని రొట్టె చేతికి నిలవదు, నోటికి ఎక్కదు. కరువు పనుల దగ్గర సుకడి అనే తిండి పంచారు. ఆ తర్వాత రేషన్ దుకాణం అంటే గోధుమ, బియ్యం అయిపోయింది. చవకగా ప్రతి నెలా వచ్చే గింజ ఇంటి గింజ అవుతుంది. అందులో ఎవరి తప్పూ లేదు. బీడీలు చుట్టే తల్లికి రోజుకు వెయ్యి బీడీల లెక్క ముందుంటుంది. పదిహేను జొన్నరొట్టెలు తట్టేకన్నా చపాతీలు ఒత్తడం తేలిక. పగలు చేసిన చపాతీ రాత్రి షిఫ్టు డబ్బాలో మెత్తగా ఉంటుంది. జొన్నరొట్టె గట్టిపడుతుంది. ఒంటరి మగవాళ్ళు తినే ఖానావళ్ళలో కూడా చపాతీ, వెల్లుల్లి బాగా పడిన మసాలా కూర, పైన పచ్చి ఉల్లిగడ్డ. నాకు పెళ్ళి వయసు వచ్చేసరికి మా సందులో రోజూ రొట్టె తట్టే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

సరిగ్గా ఆ కాలంలోనే అవతలి ప్రపంచంలో పీచు పెద్ద మాట అయింది. ఐరిష్ సర్జన్ డెనిస్ బర్కిట్ ఉగాండాలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. ఆఫ్రికా పల్లె మనుషుల మలం బరువు, తిన్నది బయటికి రావడానికి పట్టే సమయం కొలిచి, ఇంగ్లండువాళ్ళతో పోల్చి 1972లో లాన్సెట్ పత్రికలో రాశారు ఆయనా, ఆయన సహచరులూ. పీచు తగ్గడమే పాశ్చాత్య పేగు జబ్బులకు మూలం అన్న ఆలోచన లోకమంతా పాకింది. 1977లో ఇంగ్లండులోని బ్రిస్టల్ డాక్టర్లు 26 మంది ఐబీఎస్ రోగుల్లో కొందరికి గోధుమ పీచు పెంచి, మిగతావాళ్ళకు తగ్గించి చూసి, పెంచినవాళ్ళలో మేలు కనిపించిందన్నారు. ఇక ప్రతి డాక్టరు చీటీలోనూ గోధుమ తవుడు చేరింది. నేను చదువుకున్న పుస్తకాల్లో కూడా అదే. 1994లో మాంచెస్టర్‌లో ఫ్రాన్సిస్, వోర్‌వెల్ అనే ఇద్దరు తమ దగ్గరికి వచ్చే వంద మంది రోగులను నేరుగా అడిగారు. తవుడు వల్ల 55 శాతం మందికి జబ్బు పెరిగింది, మేలు జరిగింది 10 శాతానికే. 2009లో నెదర్లాండ్స్‌లో 275 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఇసబ్‌గోల్, ఒక గుంపుకు తవుడు, ఒక గుంపుకు ఒట్టి బియ్యప్పిండి ఇచ్చి చూశారు. మేలు ఇసబ్‌గోల్ గుంపులో కనిపించింది. తవుడు తిన్నవాళ్ళలో చాలామంది మధ్యలోనే మానేశారు. ఆ ఇసబ్‌గోల్ మన గుజరాత్‌లో, మెహ్‌సాణా, ఊంఝా పక్కన పండేదే. మా అవ్వ కొంగుకు కట్టుకున్న చిల్లర డబ్బులతో కిరాణా కొట్లో కొనేదే.

రెంటికీ తేడా ఎక్కడ? తవుడు పీచు నీటిలో కరగదు, గరుకుగా పేగు గోడను రుద్దుకుంటూ పోతుంది. ఇసబ్‌గోల్ పీచు నీటిని పట్టి జిగురుగా మారుతుంది, పేగులో మెల్లగా తప్ప పులియదు. గట్టిదాన్ని మెత్తబరుస్తుంది, పలుచనిదాన్ని కాస్త నిలబెడుతుంది. ఇక ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయంలో పీటర్ గిబ్సన్, సూ షెపర్డ్ 2005 నుంచి ఇంకో దారి తెరిచారు. చిన్నపేగులో ఇంకకుండా పెద్దపేగు దాకా పోయి అక్కడ పులిసి గాలి చేసే కొన్ని పిండిపదార్థాలు, చక్కెరలు ఉన్నాయి. వాటికి వాళ్ళు పెట్టిన పేరు ఫాడ్‌మ్యాప్. గోధుమ, ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు, కంది, శనగ లాంటి పప్పుల్లో ఉండే గెలాక్టాన్లు, పాలలోని లాక్టోజ్ వీటిలో ముఖ్యమైనవి. వీటిని కొన్ని వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి ఏది పడటం లేదో పట్టుకోవాలి. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కరిగే పీచునూ ఈ పద్ధతినీ రెంటినీ సూచించింది.

ఈ జాబితా మొదటిసారి చదువుతుంటే నా ముందు పళ్ళెం కనిపించింది. జొన్నలో ఫ్రక్టాన్లు తక్కువ. పల్లీలు పడతాయి. బియ్యం పడుతుంది. పులిసిన మజ్జిగలో పాలకన్నా లాక్టోజ్ తక్కువ. 2017లో జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన ఆహార పట్టికలు తీయండి. వంద గ్రాముల జొన్నలో పీచు 10 గ్రాముల పైచిలుకు, గోధుమపిండిలో 11 గ్రాముల పైచిలుకు, బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. అంటే జొన్న నుంచి గోధుమకు మారినప్పుడు మా పేట మొత్తంగా పీచును కోల్పోలేదు. మారింది పీచుతోపాటు వచ్చే సరుకు. జొన్నరొట్టె తిని హాయిగా ఉన్న కడుపు, అంతే పీచున్న చపాతీ తిని ఉబ్బడానికి ఫ్రక్టాన్లు ఒక కారణం కావచ్చు. గోధుమే ఈ జబ్బు తెచ్చిందని నేను అనను. పంజాబులో తరతరాలుగా గోధుమే తింటున్నారు. లోకం మొత్తం మీద చూస్తే నూటికి నలుగురి చుట్టుపక్కల ఐబీఎస్ వాళ్ళుంటారని లెక్కలు చెబుతున్నాయి. షిఫ్టు, నిద్రలేమి, ఆపుకోవడం, అప్పుల దిగులు, ఎప్పుడో పట్టిన నీళ్ళ విరేచనాలు అన్నీ కలిసి రేపిన పేగుకు గోధుమ, ఉల్లి, వెల్లుల్లి మంట పెడతాయి. నేను చూసినంతవరకూ మా సందుల్లో జరిగింది ఇదే.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనం, యాభై దాటాక కొత్తగా మొదలైన మార్పు, వీటిలో ఏది ఉన్నా నా దగ్గరికి రావద్దు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అలాగే గోధుమ పడని సీలియాక్ అనే జబ్బు లేదని పరీక్షలో తేలేదాకా గోధుమ మానకూడదు. ముందే మానేస్తే జబ్బు ఉన్నా ఆ పరీక్షలో బయటపడకపోవచ్చు.

తువాళ్ళ కార్ఖానాలో రాత్రి షిఫ్టు చేసే ఒక పిల్లవాడితో నేను చేసిన ఏర్పాటు చెబుతాను. వాళ్ళమ్మ మా అమ్మకు వరుసకు చెల్లెలు, అందుకే వాడు నన్ను అక్కా అంటాడు. షిఫ్టుకు ముందు జొన్నరొట్టె, పల్లీల కారం. ఆ కారంలో వెల్లుల్లి రెబ్బలు నూరకుండా, వేడి నూనెలో వేసి వాసన దిగాక తీసేయడం. ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకని రుచి ఉంటుంది, బాధ ఉండదు. పప్పు కందికి బదులు పెసర, అదీ కొద్దిగా, నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి. రాత్రి రెండింటికి పావ్ బదులు అటుకులు లేదా అన్నం మజ్జిగ. చాయ్ ఒక్కటే. పొద్దున ఇంటికొచ్చి కొంచెమే తిని, పడుకునేముందు దొడ్డికి కూర్చోవడం, వచ్చినా రాకపోయినా, అదే వేళకు, తొందరలేకుండా. ఇసబ్‌గోల్ మొదటి వారం ఒక చెమ్చా, పెద్ద గ్లాసు నీళ్ళతో, ఆ తర్వాత ఇంకో చెమ్చా. ఒకేసారి పెంచితే ఉబ్బరం పెరిగి మనిషి మానేస్తాడు. "వారం ఆగు తమ్మీ, వారం ఆగు" అని ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో. "అక్కా, మగ్గం ఇడిచి పోనిస్తలేరు" అన్నాడు ఒకసారి. దానికి నా దగ్గర మందు లేదు. పక్క మగ్గం వాడితో మాట్లాడుకుని, ఇద్దరూ ఒకరికొకరు పది నిమిషాలు కాచుకునే ఒప్పందం చేసుకున్నారు. వాడికి తేడా కనిపించింది ఆ పది నిమిషాలు దొరికాకే.

మజ్జిగ సంగతికి వస్తే, చరకసంహిత చికిత్సాస్థానం గ్రహణి అనే జబ్బుకు మజ్జిగను గొప్పగా చెప్పింది. గ్రహణి, ఐబీఎస్ ఒకటే అని నేను కలపను. కానీ పేగు నొచ్చుకున్నప్పుడు పులిసిన పలుచని పదార్థం వైపు మన వాళ్ళు ఎందుకు వెళ్ళారో అర్థమవుతుంది. సోలాపూర్ పల్లెల్లో ఎళ్ళ అమావాస్యకు చేలో కూర్చుని కలగూర, గట్టిగా కాల్చిన కడక్ రొట్టెతోపాటు తాగే జొన్న అంబలి ఆ కోవలోదే. మా పేటల్లో సద్దుల బతుకమ్మనాడు మలీద చేస్తారు. రొట్టెను నలిపి బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. ఆ ఒక్క రోజైనా కొన్ని ఇళ్ళు జొన్న కొంటాయి. రాఖీ పున్నమికి మార్కండేయుడి రథం లాగే వేల మందిలో సగం మందికి ఆ రోజు మధ్యాహ్నం పూరీలు, బూందీ. మరుసటి రోజు నా దగ్గర వరుస పెరుగుతుంది. పండుగ మానమని నేనెప్పుడూ చెప్పను. ముందు రోజు, తర్వాతి రోజు ఎలా ఉండాలో చెబుతాను.

ఇప్పుడు జొన్నరొట్టె తిరిగి వస్తోంది, అయితే వేరే దారిలో. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల ఏడాదిగా ప్రకటించింది. సోలాపూర్ కడక్ రొట్టెలను ఆడవాళ్ళ గుంపులు చేసి పొట్లాలు కట్టి పుణేకు, ముంబైకి పంపుతున్నాయి. వాటిని తినేది షుగరు, బరువు చూసుకునే ఉద్యోగులు. వాటిని తట్టే ఆడవాళ్ళలో మా పేటవాళ్ళు కూడా ఉన్నారు, సాయంత్రం ఇంటికెళ్ళి రేషన్ గోధుమతో చపాతీ చేసుకుంటారు. బజారు జొన్న ధర వాళ్ళకు అందదు. జిల్లాలో నీళ్ళు పారిన భూమి చెరకుకు పోయింది, చక్కెర మిల్లులు పెరిగాయి. జొన్న వాన మీద ఆధారపడ్డ చేలకే మిగిలింది.

2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమతోపాటు ముతక ధాన్యాలకు కూడా చోటుంది. అప్పుడు ముతక ధాన్యాల కిలో ధర ఒక రూపాయిగా పెట్టారు, 2023 జనవరి నుంచి మొత్తం ఉచితం చేశారు. ఒక్కో మనిషికి నెలకు 5 కిలోల గింజ. సోలాపూర్ పక్కనున్న కుంభారిలో కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరు మీద బీడీ కార్మికులకు కట్టిన 10 వేల ఇళ్ళ కాలనీ 2006లో చేతికి వచ్చింది. రాయనగర్‌లో మరో 15 వేల ఇళ్ళు 2024 జనవరిలో ఇచ్చారు. ఒక్క పాత కాలనీనే లెక్క వేద్దాం. ఇంటికి ఐదుగురు, మనిషికి 5 కిలోల్లో 2 కిలోలు జొన్నగా ఇస్తే ఇంటికి 10 కిలోలు, కాలనీకి నెలకు 100 టన్నులు. ఏడాదికి 1,200 టన్నులు. ఆ గింజ పండే మంగళవేఢా ఇక్కడికి గంటన్నర బస్సు దూరం. బీడీ కార్మిక సంఘాల సభల్లో ఇంటి గురించీ కూలి గురించీ అడిగినట్టే దీన్నీ అడగాలని నేను వెళ్ళిన ప్రతిచోటా ఈ లెక్క చెబుతున్నాను. గిర్నీవాళ్ళు జొన్నకు వేరే రాయి పెట్టాలి, గోధుమ పిండి కలవకూడదు, అది కూడా చెబుతున్నాను.